చూడగానే శాతం చెప్పడం ఎలా?

కోకాపేటలో అంకె లేని మాట చెల్లదు. 2023 ఆగస్టులో నియోపొలిస్ వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది మొదలు ఇక్కడ పాలవాడి దగ్గర్నుంచి ప్లేస్కూలు టీచరు దాకా అందరూ అంకెల్లోనే మాట్లాడుతున్నారు. అలాంటి చోట ఒక మనిషి వచ్చి, నాకు జబ్బుంది, దానివల్ల ఇబ్బందిగా ఉంది అంటే వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఎంత శాతం?

ఆ శాతం తేల్చాలంటే న్యూరాలజిస్టు ఉండాలి, మెడికల్ బోర్డు ఉండాలి, ఒకటికి నాలుగుసార్లు చూడాలి అని బెదరగొట్టేవాళ్ళున్నారు. వాళ్ళ మాట పట్టించుకోకండి. నేను సర్వే శాఖలో గొలుసు లాగి, టిప్పన్లు చదివి, హద్దురాళ్ళ దగ్గర అన్నదమ్ముల చేత తిట్లు తిని రిటైరైనవాణ్ణి. ఇప్పుడు మా అబ్బాయి కొన్న ఫ్లాటులో ఉంటూ అసోసియేషన్ కమిటీలో కూర్చుంటున్నాను. కొలత తెలిసినవాడికి పొలమైనా ఒకటే, మనిషైనా ఒకటే. అందులోనూ మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బున్నవాళ్ళను కొలవడం మరీ తేలిక. ఎమ్మెస్ అంటారు దాన్ని ముద్దుగా. తేలిక కాదనేవాళ్ళ కోసమే ఈ చిట్కాలు.

జబ్బు సంగతి రెండు ముక్కల్లో చెప్పి పక్కన పెడతాను. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ దారి తప్పి మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. 1868లో పారిస్‌లో షార్కో అనే డాక్టరు దీన్ని వేరే జబ్బుగా గుర్తించి వివరంగా రాశాడు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండింతలకు పైగా వస్తుంది. అంటే మన నానక్‌రాంగూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుల్లో లాప్‌టాపు సంచీ తగిలించుకుని తిరిగే వయసు. ఆ వయసులో జబ్బేమిటి అని మీకు అనిపించిందా? చాలా మంచిది. సగం కొలత అక్కడే అయిపోయింది.

మిగతా సగానికి కళ్ళు చాలు. కాళ్ళు రెండూ ఉన్నాయా? ఉన్నాయి. చేతులు? ఉన్నాయి. లిప్‌స్టిక్ వేసుకుందా? వేసుకుంది. ఇక రాసుకోండి సున్నా. ఈ జబ్బులో మనిషిని ఎక్కువగా పడగొట్టేవి నీరసం, చూపు మసకబారడం, తిమ్మిరి, మంట, మూత్రం ఆపుకోలేకపోవడం, ఆలోచన నెమ్మదించడం అంటారు తెలిసినవాళ్ళు. వీటిలో ఒక్కటైనా లిఫ్టులో నిలబడి ఉండగా మీకు కనిపించిందా? కనిపించనిదాన్ని నేను నా సర్వీసంతా నక్షాలోకి ఎక్కించలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు ఎక్కించాలి?

కళ్ళతో తృప్తి పడనివాళ్ళకు ఒక పరదేశపు కొలబద్ద కూడా ఉంది. జాన్ కర్ట్‌స్కీ అనే అమెరికా న్యూరాలజిస్టు 1955లో ఒకటి తయారుచేసి, 1983లో దాన్ని పెంచి ఈడీఎస్ఎస్ అని పేరు పెట్టాడు. సున్నా నుంచి పది దాకా, ఒకటి దాటాక అరేసి మెట్లు. సున్నా అంటే పరీక్షలో ఏ లోపమూ లేదు. పది అంటే ఈ జబ్బుతో చనిపోయినట్టు. పదికి పది తెచ్చుకున్నవాడు సర్టిఫికెట్టుకు రాడు, అది వేరే సంగతి. కింది మెట్లలో కండబలం, తూలు, స్పర్శ, చూపు, మలమూత్రాలు, మెదడు పని, ఇలా ఒక్కో వ్యవస్థను డాక్టరు సుత్తితో, ట్యూనింగ్ ఫోర్కుతో పరీక్షించి మార్కులు వేస్తాడు. అది మనకు చేతకాదు, వదిలేయండి. నాలుగో మెట్టు నుంచి మాత్రం నా ప్రాణం లేచొచ్చింది. అక్కణ్ణుంచి అంతా దూరమే! సాయం లేకుండా, ఆగకుండా 500 మీటర్లు నడిస్తే 4. మూడొందలైతే 4.5. రెండొందలైతే 5. వంద మీటర్లే అయితే 5.5. ఒక పక్క కర్ర పట్టుకుంటే గాని వంద మీటర్లు నడవలేకపోతే 6. రెండు పక్కలా ఊతంతో ఇరవై మీటర్లయితే 6.5. ఊతమున్నా అయిదు మీటర్లు దాటలేక చక్రాల కుర్చీ ఎక్కితే 7. ఇది సర్వేయరు పని కాకపోతే మరెవరి పని?

వెంటనే టేపు తీశాను. మా టవర్ లాబీ నుంచి మెయిన్ గేటు దాకా 310 మీటర్లొచ్చింది. లోపలికి క్యాబులను రానివ్వద్దని కమిటీలో తీర్మానం చేశాం కాబట్టి ఎవరైనా గేటు దాకా నడవాల్సిందే. కనుక మా కమ్యూనిటీలో రోజూ ఆఫీసుకు వెళ్ళే ప్రతి మనిషికీ, జబ్బు ఉన్నా లేకపోయినా, పరీక్ష దానంతటదే జరిగిపోతోంది. ఫీజు లేదు, స్లాటు లేదు.

ఇరవైతొమ్మిదో అంతస్తు అమ్మాయి సంగతి చూడండి. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉద్యోగం. నాలుగేళ్ళ కింద ఒక కన్ను మసకేసి, తగ్గి, తర్వాత నడుము నుంచి కిందికి తిమ్మిరి పట్టి, అదీ కొంత తగ్గి, చివరికి ఎమ్మెస్ అని తేలిందట. నేను మా బాల్కనీలోంచి పొద్దున్నే కాఫీ తాగుతూ ఆమెను కొలుస్తుంటాను. లాబీలోంచి చురుగ్గానే బయటికొస్తుంది. క్లబ్ హౌస్ దగ్గరికొచ్చేసరికి కుడికాలి బొటనవేలు టైలు అంచుకు తగులుతుంది. అక్కడున్న గ్రానైటు అరుగు మీద కూర్చుంటుంది. ఆ కూర్చోవడాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఫోను చూసుకుంటోందని రాసుకోండి. ఆగకుండా నడిచిన దూరమే లెక్క అని కొలబద్దలో ఉన్నా, ఆగిందెందుకో ఎవరికి తెలుసు? ఒకరోజు కుడికాలి చెప్పు జారి వెనకే ఉండిపోతే, తెలియక నాలుగడుగులు ముందుకెళ్ళింది. "మేడం, చెప్పు పడ్డది" అని సెక్యూరిటీ కుర్రాడు పరిగెత్తుకొచ్చి ఇచ్చాడు. ఆమె ముందు తన పాదం వంక చూసుకుని, ఆ తర్వాత చెప్పు తీసుకుంది. ఏకాగ్రత లేదు అని నా నోట్సులో రాశాను.

ఆ అమ్మాయే ఒకరోజు కమిటీ ముందుకొచ్చింది. బేస్‌మెంట్ మూడులో లిఫ్టు పక్కనున్న స్లాటు కావాలట.

"అంకుల్, క్యాబు మానేసి కారు కొనుక్కుంటున్నాను. నా స్లాటు ఆ చివర, ర్యాంపు దగ్గరుంది. లిఫ్టు పక్కది ఇస్తే చాలు. సాయంత్రానికి కాళ్ళు నావి కావన్నట్టుంటాయి."

"పొద్దున చూసిన కదమ్మా, మంచిగనే నడుస్తున్నవ్."

"పొద్దున బాగానే ఉంటుంది అంకుల్."

"మరింకేంది?"

మా ట్రెజరర్ అందుకున్నాడు. "సర్టిఫికెట్ ఉందా అమ్మా? ఎంత పర్సెంట్?" అప్లై చేశానంది. వచ్చాక రమ్మన్నాం. లిఫ్టు పక్క స్లాటు మీద చక్రాల కుర్చీ బొమ్మ వేసే ఉంది. దాని మీద ట్రెజరర్‌గారి రెండో కారు నిలబడి ఉంటుంది. బొమ్మ చెరిగిపోకుండా కాపాడుతోందని ఆయన వాదన.

ఇక్కడ ఒక ముఖ్యమైన మెళకువ. కొలిచే వేళను మీరు ఎంచుకోండి, వాళ్ళను ఎంచుకోనివ్వకండి. ఎమ్మెస్ ఒంటికి వేడి పడదు. ఒంటి ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగినా దెబ్బతిన్న నరంలో సంకేతం మందగించి పాత లక్షణాలు తిరిగొస్తాయి, చల్లబడ్డాక మళ్ళీ సర్దుకుంటాయి. 1890లో విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మనీ కంటి డాక్టరు, శ్రమపడ్డాక ఈ రోగులకు చూపు మసకబారడం గమనించి రాశాడు. ఎమ్మారై రాని కాలంలో రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు ముదురుతున్నాయా లేదా అని చూసి జబ్బు తేల్చుకునేవాళ్ళు కూడా. మన దగ్గర తొట్టి అవసరం లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో కోకాపేట తారు రోడ్డు చాలు. అందుకే మీరు మాత్రం జనవరి నెల, పొద్దున తొమ్మిది, ఏసీ గది, ముందు రెండు రోజులు శనాదివారాలు వచ్చేట్టు చూసుకుని కొలవండి. అప్పుడొచ్చిన అంకెను ఏడాదంతా వాడుకోండి. మే నెల మధ్యాహ్నం ఆ మనిషి గోడ పట్టుకుని నిలబడితే, జనవరి కాగితం తీసి చూపించండి.

జబ్బు తిరగబెట్టినప్పుడు, అంటే రిలాప్స్ వచ్చినప్పుడు, కొలవచ్చా అని ఒకాయన అడిగాడు. నిక్షేపంగా కొలవచ్చు, రెండు రకాలుగానూ లాభమే. ఎక్కువమందిలో ఈ జబ్బు మొదట్లో వచ్చి పోతూ ఉంటుంది. స్టెరాయిడ్ సెలైన్లు మూడు నుంచి అయిదు రోజులు ఎక్కిస్తారు, ఆ తర్వాత వారాలు, నెలలు పట్టి కొంత తేరుకుంటారు. మందుల పరీక్షల్లో అయితే మెట్టు పెరిగిందని ఒప్పుకోవడానికి మూడు నెలలో, ఆరు నెలలో ఆగి మళ్ళీ చూస్తారు. అంత ఓపిక మనకెందుకు? రిలాప్స్‌లో చూస్తే "ఇక జీవితాంతం ఇంతే, ఉద్యోగం మానేయమ్మా" అనండి. తగ్గాక చూస్తే "అప్పుడంతా నాటకమే" అనండి. ఒక్కసారి చూడటమే పద్ధతి. రెండోసారి చూస్తే అంకె మారుతుంది, అంకె మారితే రిజిస్టరు పాడవుతుంది.

అంకెల్ని వాడటంలో కూడా మన పద్ధతి మనకుంది. ఈడీఎస్ఎస్‌లో 4 వచ్చిందంటే 2 వచ్చినవాడికి రెండింతలు జబ్బు అనుకోండి. కాదు, అవి వరస చెప్పే మెట్లే, మెట్టుకీ మెట్టుకీ ఎడం సమానంగా ఉండదు, 5.5కీ 6కీ మధ్య ఒక చేతికర్ర ఉంది అని డాక్టర్లు మొత్తుకుంటారు. మొత్తుకోనివ్వండి. పదితో గుణించి శాతం చేసెయ్యండి. ఆరు అయితే అరవై.

శాతాలు కలపడం మరో సరదా. మన కేంద్ర ప్రభుత్వం 2018 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒకటికి మించి వైకల్యాలుంటే కలిపే సూత్రం ఒకటి పెట్టారు. పెద్ద శాతాన్ని 90లోంచి తీసేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్దదానికి కలపాలి. కాళ్ళకు 20, చూపుకు 20 వచ్చాయనుకోండి. మామూలు మనిషి 40 అనుకుని సంబరపడతాడు. సూత్రం ప్రకారం 35.6. అంటే కళ్ళూ కాళ్ళూ రెండూ పోయినా నలభై గీత దాటలేదు. 30, 20 అయితే 43.3, దాటినట్టు. ఈ లెక్క ఎదుటివాళ్ళకు చెప్పకండి. "ఇరవై ప్లస్ ఇరవై నలభై కాదా అంకుల్?" అని వాళ్ళు అడిగినప్పుడు నవ్వాలి. ఆ నవ్వు కోసమే నేను ఆ సూత్రం బట్టీ పట్టాను.

ఆ గీత సంగతి ఇప్పుడు చెప్పాలి. 1995 నాటి పాత చట్టంలో వైకల్యాలు ఏడే. ఎమ్మెస్ అందులో లేదు. 2016 చట్టం వాటిని 21 చేసింది, అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకొచ్చింది. అందులో దీర్ఘకాల నరాల వ్యాధుల కింద ఎమ్మెస్, పార్కిన్సన్స్ పేరు పెట్టి మరీ రాశారు. 40 శాతం, ఆపైన ఉంటే బెంచ్‌మార్క్ వైకల్యం. 2024 అక్టోబరులో నియమాలు సవరించి యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డుకు రంగులు పెట్టారు. 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన నీలం. దూరం నుంచే రంగు చూసి మనిషిని తేల్చుకోవచ్చన్నమాట, మనలాంటివాళ్ళకు ఎంత సౌకర్యం! ఇంకో ముచ్చట. 21లో ఎమ్మెస్ పేరు ఉంది గదా అని సర్కారీ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషను రాసిన సెక్షను 34 తెరిచి చూడండి. చూపు, వినికిడి, కదలిక, ఆటిజం, మానసిక వ్యాధి, మేధో వైకల్యం, ఇలా అన్నీ వరసగా ఉంటాయి. ఎమ్మెస్ పేరు వెతికినా దొరకదు. కదలిక లోపమనో, చూపు లోపమనో వేరే తలుపు తట్టి లోపలికెళ్ళాలి. గుర్తింపు ఇచ్చి వాటా ఇవ్వకపోవడం నేను అన్నదమ్ముల పంపకాల్లో చూశాను, పార్లమెంటు చట్టంలో ఇదే చూడటం.

సర్టిఫికెట్టుకు వెళ్ళేవాళ్ళకు మీరు దారి చెప్పాల్సి వస్తుంది. "ఏముంది, సదరం క్యాంపుకు పో" అనండి. అది పాత పేరని, ఇప్పుడు యూడీఐడీ పోర్టల్లో దరఖాస్తు అని చెప్పకండి, తిరిగితే వాళ్ళకే తెలుస్తుంది. కోకాపేట గండిపేట మండలంలో ఉంది, రంగారెడ్డి జిల్లా. జిల్లా కలెక్టరేటు ఇబ్రహీంపట్నం వైపు కొంగరకలాన్‌లో ఉంది, అక్కడ పని పడితే ఔటర్ రింగు రోడ్డు పట్టుకుని అర్ధచంద్రాకారంలో తిరిగి వెళ్ళాలి. దారిలో బాత్రూము సంగతి ఎత్తకండి. మూత్రం తొందర ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది, వచ్చిందంటే నిమిషాల వ్యవధే. అందుకని చాలామంది ఆడవాళ్ళు బయటికెళ్ళే ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు తగ్గించేస్తారు. నోరెండిపోయి వచ్చిన మనిషిని పరీక్ష వరసలో అందరి ముందూ గట్టిగా అడగాలి, "యూరిన్ కంట్రోల్ ఉంటదా, ఉండదా?" అని. ఉంటుంది సార్ అంటుంది పాపం, అంతమందిలో ఇంకేమంటుంది? ఆ వ్యవస్థ కింద సున్నా వెయ్యండి.

కంటి పరీక్ష గోడ మీద అక్షరాల పట్టికతోనే చేయండి, నల్లటి అక్షరాలు, తెల్లటి అట్ట. ఆరుకు ఆరు చదివేసిన అమ్మాయి, సాయంత్రం మబ్బు వెలుగులో బూడిదరంగు మెట్లు కనిపించక పడిపోతానంటే నమ్మకండి. లేత రంగు అక్షరాల పట్టికలు వేరే ఉన్నాయి, ఈ జబ్బులో అసలు లోపం వాటితోనే పట్టుబడుతుంది. అవి తెప్పించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

ఎమ్మారై ఫిల్ము తెస్తే మాత్రం వదలకండి. కిటికీ వెలుగుకు పట్టుకుని తెల్ల మచ్చలు లెక్కపెట్టండి. మచ్చలెక్కువుంటే జబ్బెక్కువ, తక్కువుంటే తక్కువ. మెదడు నిండా మచ్చలున్నా పరిగెత్తేవాళ్ళున్నారు, వెన్నుపాములో ఒకే ఒక్క మచ్చతో మంచం పట్టినవాళ్ళున్నారు, మచ్చల లెక్కకూ వైకల్యానికీ పొంతన తక్కువ అంటారు న్యూరాలజిస్టులు. అది వాళ్ళ వ్యాపారం.

ఇప్పుడు ఆఫీసువాళ్ళకు. హెచ్చార్‌లో ఉన్న మా మేనల్లుడు ప్రత్యేకంగా రాయమన్నాడు గనుక కొంచెం వివరంగా రాస్తాను.

మీ దగ్గర పనిచేసేవాళ్ళకు నడకతో పనిలేదు, మెదడుతో పని. ఎమ్మెస్ ఉన్నవాళ్ళలో సుమారు సగంమందికి ఆలోచన వేగం, జ్ఞాపకం, ఏకాగ్రతల్లో ఎంతో కొంత తేడా వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. తెలివి పోదు, వేగం తగ్గుతుంది. రెండు పనులు ఒకేసారి చేయడం కష్టమవుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. తొమ్మిది గుర్తులకు తొమ్మిది అంకెలు జతచేసి పైన ఇస్తారు, కింద గుర్తుల వరసలు చూసి 90 సెకన్లలో ఎన్నిటికి అంకె చెప్పగలరో చూస్తారు. చేతి పనికి తొమ్మిది చిల్లుల పలక ఉంది. తొమ్మిది పుల్లలు ఒక్కొక్కటీ దూర్చి, మళ్ళీ తీయడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఒక్కో చేతికీ విడిగా చూస్తారు. నడకకు 25 అడుగులు గబగబా నడిపిస్తారు. నీరసానికి తొమ్మిది ప్రశ్నల కాగితం. అన్నీ కలిపినా అరగంట పని. కర్ట్‌స్కీ కొలబద్ద ఎక్కువగా కాళ్ళ చుట్టే తిరుగుతుందనే, పక్కన ఇవన్నీ పెట్టుకుంటున్నారు.

మీకవేవీ వద్దు. మీ దగ్గర అంతకంటే మంచి సాధనం ఉంది, అప్రైజల్. స్టాండప్ మీటింగులో నిలబడలేక గోడకానుకుంటే ఆసక్తి లేదని రాయండి. నలుగురు ఒకేసారి మాట్లాడే కాల్‌లో మాట అందుకోలేకపోతే కమ్యూనికేషన్ దగ్గర మార్కులు కోయండి. మధ్యాహ్నం మూడు తర్వాత టైపింగులో తప్పులొస్తే నాణ్యత దగ్గర కోయండి. రెండు క్వార్టర్లలో అంకె దానంతటదే తయారవుతుంది, దాన్ని తీసుకెళ్ళి పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్‌లో పెట్టండి. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాణ్ణి తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు అని 2016 చట్టం సెక్షను 20లో ఉంది. కానీ అది ప్రభుత్వ సంస్థలకు. మీకేమో సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ప్రకటించాలని సెక్షను 21 చెబుతుంది. రాసి ప్రకటించండి, చక్రాల కుర్చీలో నవ్వుతున్న మనిషి ఫోటో కూడా పెట్టండి.

ఎవరైనా ఇంటి నుంచి పని అడిగితే, మధ్యాహ్నం అరగంట పడుకోనివ్వమంటే, ఏసీ దగ్గర సీటు అడిగితే, మా ట్రెజరర్‌లాగే అడగండి, "నలభై శాతం ఉందా?" అని. ఒక్క జాగ్రత్త. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ అనే అభ్యర్థికీ యూపీఎస్సీకీ మధ్య కేసులో సుప్రీంకోర్టు ఒక పేచీ పెట్టింది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే ఆయనకు 40 శాతం లేదు కాబట్టి స్క్రైబును ఇవ్వం అన్నారు. 40 శాతం గీత రిజర్వేషన్లలాంటివాటికే, వైకల్యమున్న మనిషికి తగిన సర్దుబాటు చేయడానికి ఆ గీత అడ్డు పెట్టకూడదు అని కోర్టు తేల్చింది. ఈ తీర్పు మీ ఉద్యోగుల కంట పడకుండా చూసుకోండి. పడితే పర్సెంట్ అడిగే హాయి మనకు పోతుంది.

ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు, వాళ్ళే నాకు చెప్పగలరు. ఇరవైతొమ్మిదో అంతస్తు అమ్మాయి మేనత్త ఒకరోజు మా ఆవిడ దగ్గర కూర్చుని అంటోంది. "సర్టిఫికెట్టు తీసుకుంటానంటోంది వదినా. పెళ్ళి కావలసిన పిల్ల. నలభై శాతం అని గవర్నమెంటు కాగితం మీద రాయించుకుంటే సంబంధం ఎవరు చేసుకుంటారు? ఆన్‌లైన్‌లో పేరెక్కుతుందట గూడా. నరాల బలహీనతే గదా, బీట్వెల్వు సూదులు వేయించి నువ్వుల నూనెతో మర్దనా చేస్తే పోదూ?"

మా ఆవిడ అడిగింది, "మరి ఇంట్లో పని చేసుకోగలుగుతోందా?"

"చేస్తది. చపాతీలు చేస్తూ చేస్తూ కర్ర వదిలేసి అట్లా స్టూలు మీద కూర్చుంటది. బద్ధకం. ఆఫీసుల్లో ఏసీల్లో కూర్చున్న పిల్లలు గదా."

ఈ మేనత్త కొలత నాకు బాగా నచ్చింది. ఒకే మనిషి ఒకే వారంలో పెళ్ళివాళ్ళ ముందు సున్నా శాతం, వంటింట్లో బద్ధకస్తురాలు, ఆడపడుచుల మధ్య "పాపం, ఇంకెన్నాళ్ళో". ఈ జబ్బున్నవాళ్ళలో చాలామంది దశాబ్దాలు బతుకుతారని, ఇప్పటి మందులతో రిలాప్స్‌లు బాగా తగ్గించవచ్చని డాక్టరు చెప్పాడట. డాక్టరుకేం తెలుసు? ఆయన సంబంధాలు కుదిర్చాడా ఎప్పుడైనా?

ఒక పని మాత్రం పొరపాటున కూడా చేయకండి. ఆ మనిషినే కూర్చోబెట్టి, "నీకు ఏ వేళ కష్టం? ఏ పని మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తున్నావు? పోయిన నెల చేయగలిగింది ఏది ఈ నెల చేయలేకపోతున్నావు?" అని అడగకండి. జవాబులు వస్తాయి. బకెట్టు నీళ్ళు మోసినప్పుడు, స్నానమయ్యాక, క్యాబులో నార్సింగి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, ఇలా మొదలవుతుంది. అవి ఏ టేపుకీ అందవు, రాయడానికి రిజిస్టరులో గళ్ళుండవు. ఒక పూట మీరు ఊరికే విని ఊరుకోవాల్సి వస్తుంది.

మా కమిటీ ఈ పద్ధతినంతా తీర్మానంగా పెట్టింది. సర్టిఫికెట్టు వచ్చేదాకా ఆగలేం కాబట్టి మేమే ఒక సామూహిక కొలత కార్యక్రమం పెట్టుకుంటున్నాం. మే 30న. అది ప్రపంచ ఎమ్మెస్ దినమని తర్వాత తెలిసింది, కలిసొచ్చింది. రోహిణి కార్తె కూడా. మధ్యాహ్నం మూడింటికి, గేటు పక్కన ఓపెన్ లానులో. ఆ రోజు రెండు లిఫ్టులు మెయింటెనెన్సులో ఉంటాయి. లిఫ్టు పక్క స్లాటు కోరేవాళ్ళు స్వయంగా హాజరు కావాలి, వీడియో కాల్ చెల్లదు, డాక్టరు ఉత్తరం చెల్లదు. రానివాళ్ళకు అవసరం లేనట్టు నమోదు చేస్తాం. వచ్చినవాళ్ళకు ఎలాగూ అవసరం లేదు.